తడిగుడ్డ

నైట్ డ్యూటీ దిగి
కెజిహెచ్ డౌను దాటి
నేరుగా జ్ఞానాపురంలో నా షెడ్డుకే వచ్చేసింది సలోమి సిస్టరు.
ఇంజనాపకుండానే అద్దం దించి
"సూడు నూకరాజూ, మళ్ళీ ఏసేసాయి" అంది.

సెకండ్ హ్యాండు కారు, నీలం రంగు,
ఇంకా పదకొండు వాయిదాలు.
బానెట్ మీద మూడు, టాపు మీద లెక్కలేదు.
కొన్ని సున్నం చిలికినట్టు,
కొన్ని ఊదాగా –
జూన్ నెల కదా, గోరింకలకీ నేరేడు పళ్ళే.

ఆవిడ చేతిలో రుమాలు చూసి
గుండె గుభేలుమంది నాకు.
"తుడిసేసారేటి?"
"ఒక్కటే. ఎండిపోతే గోకాను."
గోకిన చోట సన్నటి గీతలు,
పిల్లి నడిచి పోయినట్టు.

ఏటి సిస్టరూ,
పుండుకి అంటుకుపోయిన కట్టుని
మీరలాగే పీకేస్తారేటి?
నీళ్ళు పోసి నానబెట్టరూ?
దీనికీ అంతే.
రెట్టలో ఇసకుంటది, గింజ తొక్కుంటది,
పొడిగా రుద్దితే అదే గరుకు కాగితం.

తడిగుడ్డ పరిచాను.
పది నిమిషాలు. అందులో ఒక టీ.

మరక ఆమ్లానిదే అనుకుంటారంతా.
సగం మన ఎండది.
మధ్యాహ్నం రేకు కాలి పైపూత మెత్తబడుద్ది,
సందేళ సముద్రపు గాలికి బిగుసుకుంటది,
బిగుసుకునేటప్పుడు పైనేముంటే
దాని ఆకారం పట్టేసుకుంటది.

గుడ్డ ఎత్తితే రెండు పోయాయి.
మూడోది పోలేదు,
ఎండిన చెరువులా అంచులు తేలి ఉంది.
గోరు పెట్టి చూశాను. తగులుతోంది.
రెండువేల నంబరు కాగితం నీళ్ళలో వేశాను.
"పూర్తిగా పోద్దా?"
పోద్ది. కానీ పైపూతెంత,
మీరు మందు చీటీ రాసే కాగితమంత కూడా లేదు.
మరక మరకకీ కాస్త కాస్త గీసుకుంటూ పోతే
ఒకరోజు అడుగు రంగు తేలుద్ది.

"ఆ చెట్టు కిందే ఎందుకు పెడతారు?"
"అక్కడున్నదే ఒక్క నిద్రగన్నేరు. మిగతావి తుఫానుకి పోయాయి."

ఆ తుఫాను పేరు
హుద్‌హుద్. కూకుడుగువ్వట.
పిట్ట పేరు పెట్టుకొచ్చి
ఊళ్ళో పిట్టకి కొమ్మ లేకుండా చేసి పోయింది.
తర్వాత కొన్నాళ్ళు
ఏ కారు మీదా రెట్ట పడలేదు.
రెట్టేటి, టాపులే పడిపోయాయి.
నలిగిన డోర్లు, పగిలిన అద్దాలు,
షెడ్డు ముందు రోడ్డు మలుపు దాకా వరస.
పొద్దున్న ఐదుకి తీస్తే అర్ధరాత్రికి కట్టేవాణ్ణి.
ఆ ఏడే నా అప్పు తీరింది.
ఎవరికీ చెప్పుకోలేదు.
ఆవేళ సిస్టరుకి ఎందుకో చెప్పేశాను.

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది.
"అప్పుడు నాది స్కూటీ.
చాన్నాళ్ళకి ఒక పొద్దున్న డ్యూటీ దిగి వస్తే
సీటు మీద తెల్లటి చుక్క.
తుడవబుద్ధి కాలేదు.
బస్సెక్కి ఇంటికెళ్ళిపోయాను."
కాసేపాగి,
"ఇప్పుడు వాయిదాలున్నాయిలే" అని నవ్వింది.

మిషను తగ్గు స్పీడులో పెట్టి
స్పాంజికి మందు రాసి తిప్పాను.
మచ్చ పలచబడింది. ఓ వైపు నుంచి చూస్తే లేదు,
ఇంకో వైపు నుంచి చూస్తే ఉంది.
అక్కడితో ఆపేశాను.
వానలు దిగక ముందే మైనం పట్టించాలి,
మైనం మీద పడ్డది లోపలికి దిగడానికి టైం తీసుకుంటది.
కవరొద్దు, పోర్టు బొగ్గు దుమ్ము మీద కప్పితే
అదే గీరేస్తది.
డోరులో ఒక నీళ్ళ సీసా, మెత్తటి పాత గుడ్డ.
చూసిన వెంటనే తడపడం, అంతే.

"సీసాలకేటి, ఖాళీ సెలైన్‌వి బోల్డన్ని" అంది.

మైనం ఆరుతోంది.
షెడ్డు ముందు కరెంటు తీగ
కొంచెం ఊగింది.
ఇద్దరం తలెత్తాం.
కాకి. తోక మా వైపే.
"సిస్టరూ," అన్నాను,
"బండి ఒక్క అడుగు ముందుకి తియ్యండి."